ఈఆర్‌సీని బాగుచేయాలంటే ముందు ఫైలు చదివే మనిషి గురించి అడగండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలిని (ఈఆర్‌సీని) సంస్కరించాలని మీ వినియోగదారుల సంఘం ప్రభుత్వానికి వినతిపత్రం రాస్తోంది. ఖాళీలు భర్తీ చేయాలి, ఛైర్మన్, సభ్యులు తమ ఆస్తులూ ప్రయోజనాలూ బయటపెట్టాలి, పునరుత్పాదక విద్యుత్తుకు మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి అనేవి అందులోని మూడు డిమాండ్లు. వీటిలో ఏది ముందు పెట్టాలి, చట్టం మార్చకుండా ఎంతవరకు సాధించుకోవచ్చు అని అడిగారు.

నేను కొన్నాళ్లు మండలి లోపల టారిఫ్ (కరెంటు ఛార్జీల) పనిలో ఉన్నాను. ఆ తర్వాత బయట నుంచి అభ్యంతరాలు వేసేవాళ్లకు సాయం చేస్తున్నాను. నన్నడిగితే సిబ్బంది డిమాండే ముందు. అదీ ‘ఖాళీలు భర్తీ చేయండి’ అనే ఒక్క ముక్కలో కాదు. ఆ వాక్యం ఎవరైనా రాస్తారు, ఏ ప్రభుత్వమైనా ‘పరిశీలిస్తాం’ అంటుంది, అక్కడితో సరి. మిగతా రెండు డిమాండ్లు నిలబడాలన్నా, పడిపోవాలన్నా ఈ సిబ్బంది విషయం మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెబుతాను.

పని ఎలా జరుగుతుందో చూడండి. వచ్చే ఆర్థిక సంవత్సరానికి తమకు ఎంత ఆదాయం కావాలో లెక్కగట్టి డిస్కంలు, అంటే విద్యుత్ పంపిణీ సంస్థలు, మండలికి దరఖాస్తు వేస్తాయి. దీన్నే ఏఆర్ఆర్ అంటారు. మామూలుగా నవంబరు 30 గడువు. విద్యుత్ చట్టం 2003లోని 64వ సెక్షన్ ప్రకారం దరఖాస్తు అందాక 120 రోజుల్లో మండలి ఆర్డరు ఇవ్వాలి. అంటే ఏప్రిల్ ఒకటికి కొత్త ఛార్జీలు అమల్లోకి రావడానికి సరిగ్గా సరిపోయే సమయం. ఆ 120 రోజుల్లోనే ప్రతిపాదనలు ప్రచురించాలి, అభ్యంతరాలు తీసుకోవాలి, బహిరంగ విచారణలు జరపాలి, వందల పేజీల లెక్కలు తనిఖీ చేయాలి, ఆర్డరు రాయాలి. ఛైర్మన్‌తో కలిపి ముగ్గురికి మించకూడదని 82వ సెక్షన్ చెప్పే మండలి ఇదంతా స్వయంగా చదవదు, చదవలేదు. సిబ్బంది నోటు పెడతారు. ఆ నోటులో లేని ప్రశ్న ఆర్డరులోకి రావడం చాలా అరుదు.

ఒక్క ఉదాహరణ చెబుతాను, వ్యవసాయ పంపుసెట్ల లెక్క. ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఉంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటలూ ఇస్తున్నారు. చాలా పంపుసెట్లకు మీటరు ఉండదు కాబట్టి కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లను నమూనాగా ఎంచుకుని, వాటికి బిగించిన మీటర్ల రీడింగు బట్టి మొత్తం వాడకాన్ని అంచనా వేస్తారు. ఒక డిస్కం 100 యూనిట్లు కొన్నదనుకుందాం. మీటరు ఉన్న అమ్మకాలు 60. వ్యవసాయం 25 అని చూపితే నష్టం 15 శాతం. నిజంగా వాడింది 20 మాత్రమే అయితే నష్టం 20 శాతం. ఆ తేడా ఐదు యూనిట్లలో చౌర్యం ఉండొచ్చు, పాత లైన్ల నష్టం ఉండొచ్చు, బిల్లు పడని కనెక్షన్లు ఉండొచ్చు. వ్యవసాయం పద్దులోకి తోస్తే అవన్నీ కనబడకుండా పోతాయి, పైగా వాటి మీద ప్రభుత్వ సబ్సిడీ కూడా వస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద సిద్ధాంతమేమీ అక్కర్లేదు. నమూనా ట్రాన్స్‌ఫార్మర్ల నెలవారీ రీడింగుల ఫైలు తెరిచి కూర్చునే మనిషి కావాలి. వరుసగా మూడు నెలలు ఒకే రీడింగు ఉన్న మీటర్లు ఎన్ని? ఆగిపోయిన మీటర్లను లెక్కలోంచి తీసేశారా, లేక సగటు వేసి పూడ్చారా? ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటార్ల హార్స్‌పవర్ మండలంలోని సాధారణ మోటార్లకు దగ్గరగా ఉందా, పెద్ద మోటార్లున్న చోట్లే ఏరుకున్నారా? వ్యవసాయానికి కరెంటు ఇచ్చే లైను (ఫీడరు) విడిగా ఉన్న చోట సబ్‌స్టేషన్‌లో ఫీడరు మీటరు చెప్పే అంకెకూ ఈ అంచనాకూ పొంతన ఉందా? రబీ మధ్యలో బాగా వానలు పడిన నెలలో కూడా వాడకం తగ్గలేదంటే ఎందుకు? ఓపికున్న ఇంజినీరు రెండు వారాలు కూర్చుంటే ఇవన్నీ తేలిపోతాయి. అలాంటి మనిషి లేకపోతే డిస్కం పంపిన పట్టికే, చిన్న కోతతో, ఆర్డరులో పట్టికగా మారుతుంది.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. ఆ ఓపికున్న ఇంజినీరు ఎక్కడి నుంచి వస్తాడు? చాలా రాష్ట్రాల్లో డిప్యుటేషన్ మీద వస్తాడు. అదీ ఏ సంస్థ లెక్కలు తనిఖీ చేయాలో ఆ సంస్థ నుంచే, లేదా దాని సోదర సంస్థ నుంచి. రెండు మూడేళ్ల తర్వాత తిరిగి అక్కడికే వెళ్లాలి. ప్రమోషన్ అక్కడే, సీనియారిటీ అక్కడే, పోస్టింగు ఎక్కడో నిర్ణయించేవాళ్లూ అక్కడే. అతను నిజాయితీపరుడు కాదని నేను అనడం లేదు. నేను చూసినవాళ్లలో చాలామంది చాలా మంచి ఇంజినీర్లు. కానీ ‘ఈ మీటర్ల డేటా నమ్మదగ్గది కాదు’ అని నోటు పెట్టిన మనిషి ఏడాది తర్వాత ఆ మీటర్లు పెట్టిన సూపరింటెండింగ్ ఇంజినీరు కింద డివిజనల్ ఇంజినీరుగా చేరాల్సి వస్తే టెన్షన్ లేకుండా రాయగలడా? డిప్యుటేషన్ మీద వచ్చే అనుభవం మండలికి అవసరమే. ఫీల్డు తెలియని ఆర్థిక నిపుణులతో ఈ పని నడవదు. కాకపోతే ఆ వచ్చేవాళ్లు పక్క రాష్ట్రం నుంచో, కేంద్ర సంస్థల నుంచో రావచ్చు. తిరిగి వెళ్లేవాళ్లు తాము తనిఖీ చేసిన సంస్థకే కొంతకాలం దాకా వెళ్లకూడదని నిబంధన పెట్టవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, టారిఫ్, ఇంజినీరింగు, న్యాయం, డేటా విభాగాల్లో మండలికి సొంత శాశ్వత కేడర్ ఉండాలి.

ఇక్కడే చట్టం అడ్డొస్తుంది. 91వ సెక్షన్ ప్రకారం సిబ్బంది సంఖ్య, కేటగిరీలు, జీతాలు, సర్వీసు నిబంధనలు మండలి ఖరారు చేయాలన్నా రాష్ట్ర ప్రభుత్వ ఆమోదం కావాలి. డిస్కంల యజమాని ప్రభుత్వమే, సబ్సిడీ ఇచ్చేదీ ప్రభుత్వమే, ఆ డిస్కంలను అదుపు చేసే సంస్థకు ఎంతమంది ఉద్యోగులు ఉండాలో చెప్పేదీ ప్రభుత్వమే. దీన్ని పూర్తిగా మార్చాలంటే పార్లమెంటు కావాలి. మీ వినతిపత్రంలో దానికి ఒక్క పేరా చాలు. రాష్ట్రం స్థాయిలో అడగాల్సింది, మండలి పంపిన సిబ్బంది ప్రతిపాదనను ఇన్ని రోజుల్లోగా ఆమోదిస్తాం లేదా కారణం రాసి తిప్పి పంపుతాం అనే ఉత్తర్వు. డబ్బు లేదనే మాట ఒప్పుకోవద్దు. లైసెన్సు ఫీజులు, పిటిషన్ ఫీజులు మండలికి వస్తాయి. అవి డిస్కంల ఖర్చులో చేరి చివరికి మన బిల్లుల్లోకే వస్తాయి. 103వ సెక్షన్ ప్రకారం మండలికి సొంత నిధి ఉండాలి, ఫీజులు అందులో జమ కావాలి, జీతాలు అందులోంచే ఇవ్వాలి. మనం కడుతున్న డబ్బుతో మన లెక్కలు చూసే మనిషిని పెట్టమని అడుగుతున్నాం, అంతే.

రాయడానికి ముందు ఒక పని చేయండి. సమాచార హక్కు చట్టం కింద మంజూరైన పోస్టులు, భర్తీ అయినవి, డిప్యుటేషన్ మీద ఉన్నవాళ్ల సొంత సంస్థలు, ఒక్కొక్కరు ఎన్ని నెలలుగా ఉన్నారు, కన్సల్టెంట్లకు ఏటా చెల్లించిన మొత్తం అడగండి. పేర్లు అక్కర్లేదు, హోదాలు చాలు. ఆ పట్టిక వినతిపత్రానికి మొదటి పేజీగా పెడితే మిగతా వాదన సగం అక్కడే అయిపోతుంది.

సభ్యుల ఖాళీల గురించి రెండు మాటలు. పదవీకాలం ముగియడానికి ఆరు నెలల ముందే ప్రభుత్వం ఎంపిక కమిటీకి పంపాలనీ, కమిటీ మూడు నెలల్లో ఒక్కో ఖాళీకి ఇద్దరి పేర్లు ఇవ్వాలనీ 85వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. అయినా తెలంగాణలో 2019 జనవరిలో ఛైర్మన్ పదవీకాలం ముగిశాక కొత్త ఛైర్మన్ వచ్చేసరికి అక్టోబరు చివరి వారం అయింది. ఆ తర్వాత కూడా డిస్కంలు ప్రతిపాదనలు సమయానికి వేయలేదు. ఛార్జీలు సవరించిన ఆర్డరు 2022 మార్చిలో గానీ రాలేదు, వచ్చినప్పుడు పెంపు ఒకేసారి మీద పడింది. డిస్కం పిటిషన్ వేయకపోతే ఒక నెల చూసి మండలే తనంతట తానుగా (సుమోటోగా) మొదలుపెట్టాలని విద్యుత్ అప్పిలేట్ ట్రైబ్యునల్ 2011 నవంబరులోనే చెప్పింది. ఏళ్ల తరబడి ట్రూ-అప్‌లు (అంచనా ఖర్చుకూ అసలు ఖర్చుకూ మధ్య తేడా సర్దుబాట్లు) తేల్చకుండా బకాయిలు పేరుకుపోనివ్వడాన్ని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా తప్పుపట్టింది. ఖాళీ ఉన్నంత మాత్రాన మండలి నిర్ణయాలు చెల్లకుండా పోవని 93వ సెక్షన్ చెబుతుంది. అందుకే ప్రభుత్వాలకు తొందర ఉండదు. ముగ్గురిలో ఒకరైనా న్యాయరంగం నుంచి ఉండాల్సిందేనని 2018 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. మీ రాష్ట్రంలో ఆ స్థానం ఇప్పుడు నిండి ఉందో లేదో చూడండి. లేకపోతే అది బలమైన పాయింటు.

ఇక ప్రయోజనాల వెల్లడి. మీ ముసాయిదా అంతా ఛైర్మన్, సభ్యుల ఆస్తుల చుట్టూ తిరిగింది. అది అవసరమే, కానీ చిన్న ముక్క. ఎంపిక సమయంలో పనికి అడ్డొచ్చే ఆర్థిక ప్రయోజనాలేవీ అభ్యర్థికి లేవని కమిటీ తృప్తి చెందాలని చట్టం ఇప్పటికే అంటోంది. పదవిలో ఉండగా అలాంటి ప్రయోజనం సంపాదిస్తే 90వ సెక్షన్ కింద తొలగించవచ్చు. దిగిపోయాక రెండేళ్ల పాటు ఈ రంగంలో వాణిజ్య ఉద్యోగం చేయకూడదు, ఏ నియంత్రణ మండలి ముందూ ఎవరి తరఫునా నిలబడకూడదు. లోటు ఎక్కడంటే, ఆ తృప్తి దేని మీద ఆధారపడిందో ప్రజలకు కనబడదు. ఆస్తులు వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు న్యాయమూర్తులే 2025 ఏప్రిల్‌లో నిర్ణయించుకుని మే నెలలో పెట్టారు. నియంత్రణ మండలి సభ్యులు అంతకన్నా గోప్యంగా ఉండాల్సిన అవసరం నాకైతే కనబడదు. దీనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. మండలి ఒక తీర్మానం చేసుకుంటే చాలు.

నాకు ఇంతకన్నా ముఖ్యంగా అనిపించేవి రెండు. ఒకటి కన్సల్టెంట్లు. సిబ్బంది లేని మండలి పనిని కన్సల్టెంట్లకు ఇస్తుంది, 91వ సెక్షన్ అందుకు అనుమతిస్తుంది కూడా. ఇక్కడ మండలి కోసం డిస్కం లెక్కలు తనిఖీ చేసే సంస్థ, అదే సమయంలో ఇంకో రాష్ట్రంలో డిస్కం తరఫున అవే లెక్కలు తయారు చేస్తూ ఉండవచ్చు, లేదా ఒక విద్యుదుత్పత్తి కంపెనీకి సలహాదారుగా ఉండవచ్చు. సభ్యుడికి ఉన్న రెండేళ్ల నిషేధం వీళ్లకు లేదు. సభ్యుడి ఆస్తి ఎంతో తెలిసినా, అంచనాల ఎక్సెల్ షీటు తయారు చేసింది ఎవరో తెలియకపోతే ఏం ఉపయోగం? గత మూడేళ్ల క్లయింట్ల జాబితా టెండరులోనే ఇవ్వాలి, దాన్ని ఆర్డరుకు అనుబంధంగా ప్రచురించాలి అని అడగండి. సీనియర్ సిబ్బందికీ అదే వర్తించాలి.

రెండోది, విచారణ గది బయట జరిగే మాటలు. పెండింగులో ఉన్న పిటిషన్ గురించి డిస్కం సీఎండీ గానీ, ఇంధన శాఖ అధికారి గానీ, కంపెనీ ప్రతినిధి గానీ మండలిని కలిస్తే అది రికార్డులోకి రావాలి. కాలిఫోర్నియాలో 2014లో పెద్ద గొడవ అయింది దీనిమీదే. తమ కేసు ఏ జడ్జి దగ్గరికి వెళ్లాలో అక్కడి యుటిలిటీ పీజీఅండ్ఈ ఎగ్జిక్యూటివ్‌లు నియంత్రణ సంస్థ వాళ్లతో ఈమెయిళ్లలో మాట్లాడుకున్నట్టు బయటపడింది. కంపెనీ ముగ్గురు అధికారులను తీసేసింది, తర్వాత రాష్ట్ర చట్టసభ ఇలాంటి సంప్రదింపుల మీద నిబంధనలు బిగించింది. మన దగ్గర పారదర్శకత పాటించాలని 86(3) ఒక్క వాక్యంలో చెబుతుంది. దాన్ని పట్టుకుని మండలి తన కార్యనిర్వహణ నిబంధనల్లో ఒక రిజిస్టరు పెట్టుకోవచ్చు: ఎవరు, ఎప్పుడు, ఏ పిటిషన్ గురించి కలిశారు, ఏ కాగితం ఇచ్చారు. వారంలోగా వెబ్‌సైట్‌లో. ప్రభుత్వం 108వ సెక్షన్ కింద ఇచ్చే విధాన ఆదేశాలూ అందులోనే. ఏది విధానమో కాదో తేల్చే చివరి మాట కూడా ప్రభుత్వానిదే అని ఆ సెక్షన్ అంటుంది కాబట్టి, కనీసం ఆ కాగితం అందరికీ కనబడాలి.

మూడో డిమాండు దగ్గర మీతో కొంచెం విభేదిస్తాను. ‘పునరుత్పాదక విద్యుత్తుకు మొదటి ప్రాధాన్యం’ అని రాస్తే మండలికి ఒప్పుకోవడం చాలా సులువు. ఇప్పటికే ఒప్పుకుంది కూడా. 86(1)(ఇ) ప్రకారం డిస్కం కొనే విద్యుత్తులో ఇంత శాతం పునరుత్పాదకం ఉండాలని నిర్ణయించే బాధ్యత దానిదే. దాని పైన కేంద్రం పెట్టిన లక్ష్యాలు ఉన్నాయి. 2024-25లో 29.91 శాతంతో మొదలై 2029-30 నాటికి 43.33 శాతానికి వెళ్లాలి. లక్ష్యాలకు కొరత లేదు. అందుకోకపోతే ఏమవుతుందన్నదే ప్రశ్న, చాలాచోట్ల ‘వచ్చే ఏటికి జమ వేసుకోండి’ అనే జవాబే వస్తుంది. అందుకే మీ డిమాండు ఇలా ఉండాలి: లోటు ఎంతో ఏటా ఆర్డరులో చెప్పాలి, ముందుకు జరిపితే కారణం రాయాలి, ఒకసారికి మించి జరపకూడదు.

ఆంధ్రప్రదేశ్ అనుభవం ఇంకో కోణం చూపిస్తుంది. 2019 జూలైలో ప్రభుత్వం పాత పవన, సౌర విద్యుత్ ఒప్పందాల ధరలు తిరగదోడడానికి కమిటీ వేసింది. వివాదం హైకోర్టుకెక్కింది. తాత్కాలికంగా పవన విద్యుత్తుకు యూనిట్‌కు 2.43 రూపాయలు, సౌరానికి 2.44 చొప్పున చెల్లించారు. 2022 మార్చిలో డివిజన్ బెంచి ఒప్పందం ధర ప్రకారమే బకాయిలతో సహా కట్టాలని తీర్పు ఇచ్చింది. పాత ధరలు ఎక్కువే అని నేనూ అనుకుంటాను. కానీ వాటిని ఆమోదించేటప్పుడే గట్టిగా లెక్క చూసి ఉంటే, కొన్నేళ్ల తర్వాత వెనక్కి తిరిగి లాగే అవసరం రాదు. లాగిన చోట మళ్లీ పెట్టుబడి పెట్టేవాడు ఆ రిస్కును కూడా ధరలో కలుపుతాడు. ఇది కూడా చివరికి లెక్క చూసే సిబ్బంది దగ్గరికే వస్తుంది.

ఇప్పుడు సమస్య సౌర విద్యుత్తు ఖరీదు కాదు, వేళ. మధ్యాహ్నం మిగులుతుంది, సాయంత్రం ఆరు తర్వాత కొరత. కర్నూలు, అనంతపురం జిల్లాల్లో ఎండ బాగా ఉన్న రోజున జనరేషన్ తగ్గించుకోమంటారు. అదే రాత్రి విద్యుత్ ఎక్స్ఛేంజిలో (కరెంటు కొని అమ్మే మార్కెట్లో) ఎక్కువ ధరకు కొంటారు. గ్రిడ్ భద్రతకో, సాంకేతిక ఇబ్బందికో తప్ప పునరుత్పాదక ప్లాంట్లను ఆపకూడదని, ఆపితే పరిహారం ఇవ్వాలని 2021 అక్టోబరు నాటి కేంద్ర నిబంధనలు ఉన్నాయి. ఆపినప్పుడు ‘గ్రిడ్ భద్రత’ అని రాసేస్తే ఎవరు కాదంటారు? రాష్ట్ర గ్రిడ్‌ను నడిపే స్టేట్ లోడ్ డిస్పాచ్ సెంటర్ ఏ గంటలో, ఎన్ని మెగావాట్లు, ఏ కారణంతో ఆపిందో ప్రతి నెలా ప్రచురించాలి. అదే సమయంలో ఏ థర్మల్ యూనిట్ ఎంత లోడు మీద నడుస్తోందో పక్కనే ఉండాలి. ఈ రెండు కాలమ్‌లు పక్కపక్కన పెడితే చాలా సంగతులు వాటంతట అవే బయటపడతాయి.

దీనితో కలిపి గంటల వారీ కొనుగోలు ప్రణాళిక అడగండి. ఐదేళ్లకు సరిపడా విద్యుత్తు ముందే కుదుర్చుకున్నారా, సాయంత్రం పీక్‌కు బ్యాటరీలా, పంప్డ్ స్టోరేజీయా (మిగులు కరెంటుతో నీళ్లు పైకి తోడి, అవసరమైనప్పుడు వాటితో కరెంటు తీయడం), ఎక్స్ఛేంజా, ఏది చౌక అని. 2023 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం టైం ఆఫ్ డే టారిఫ్‌లో, అంటే వేళను బట్టి మారే ఛార్జీలో, సౌర వేళల్లో ధర కనీసం 20 శాతం తక్కువ ఉండాలి. 10 కిలోవాట్లకు మించి డిమాండు ఉన్న వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులకు 2024 ఏప్రిల్ నుంచే వర్తించాలన్నారు. మీ రాష్ట్రం టారిఫ్ ఆర్డరులో అది ఎంత ఉందో ఈ రాత్రే చూడండి. వ్యవసాయ సరఫరాను పగటి వేళలకు మార్చడం కూడా పునరుత్పాదక విధానమే, రైతుకు రాత్రిపూట పొలంలో పాముల బెడద కూడా తప్పుతుంది. ఇంటి పైకప్పు సోలార్ విషయంలో 10 కిలోవాట్ల లోపు దరఖాస్తులకు సాంకేతిక పరిశీలన అక్కర్లేదని 2024 సవరణ చెప్పినా, నెట్ మీటరు (గ్రిడ్‌కు ఇచ్చిన, గ్రిడ్ నుంచి తీసుకున్న కరెంటు రెండూ లెక్కించే మీటరు) కోసం జనం తిరుగుతూనే ఉన్నారని మీరే రాశారు. ఆ దరఖాస్తుల తేదీలు, మీటరు పెట్టిన తేదీలు ఓ యాభై సేకరించి పిటిషన్‌తో జతచేయండి. నిబంధన ఉల్లంఘనకు 142వ సెక్షన్ కింద లక్ష రూపాయల దాకా జరిమానా వేసే అధికారం మండలికి ఉంది. అంత డేటా ముందు పెట్టి అడిగినప్పుడు ‘చూస్తాం’ అనడం కష్టం.

వినతిపత్రాన్ని ప్రభుత్వానికి ఒక్కటే కాకుండా రెండుగా చీల్చమని నా సలహా. ఖాళీలు, సిబ్బంది మంజూరు, నిధి ఇంధన శాఖకు. కన్సల్టెంట్ల వెల్లడి, కలిసినవాళ్ల రిజిస్టరు, గంటల వారీ డేటా మాత్రం నేరుగా మండలికి పిటిషన్‌గా వేయండి, ఎందుకంటే అవి దాని చేతిలో ఉన్నవే. వినియోగదారుల తరఫున వాదించడానికి ఒకరిని నియమించే అధికారం 94(3) కింద మండలికి ఉంది. అదే పిటిషన్‌లో ఆ విన్నపం కూడా చేర్చండి. ఏఆర్ఆర్ విచారణ మొదలయ్యేదాకా ఆగితే మీ పిటిషన్ ఆ హడావిడిలో కొట్టుకుపోతుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మండలి దగ్గర కాస్త ఊపిరి ఉంటుంది, అప్పుడు వేయండి. ఆర్టీఐ జవాబుకు నెల పడుతుంది కాబట్టి ఆ దరఖాస్తు మాత్రం ఈ వారమే పంపండి.